ముందుకు మాత్రమే చెల్లే లైసెన్సు

మా అత్త నన్ను పొయ్యి మీద ఎసరు పెట్టనివ్వడానికి ఎనిమిది నెలలు పట్టింది. కాపురానికి వచ్చినప్పుడు నాకు పదహారేళ్లు. పుట్టింట్లో ఇద్దరు తమ్ముళ్లకు వండిపెట్టి వచ్చినదాన్నే, అయినా ఆ ఇంట్లో అది లెక్కలోకి రాలేదు. మొదట బియ్యంలో రాళ్లు ఏరడం, తరువాత రాగులు విసరడం, ఆ తరువాత పొయ్యిలోకి కట్టెలు ఎగదోయడం. సంగటి కెలికే కట్టె నా చేతికి ఇచ్చిన రోజు కూడా ఆమె పక్కనే కూర్చుని, ఉండ కట్టిందేమోనని వేలితో నొక్కి చూసింది.

"చేయి తిరగకుండా పొయ్యికాడ నిలబడితే కాలేది నీ చేయి ఒకటే కాదు మే, పదిమంది కడుపు," అనేది.

ఎద్దుల విషయంలో మా మామ అంతకంటే కఠినం. కోడెను కొన్న వెంటనే బండికి కట్టేవాడు కాదు. ముసలి ఎద్దు పక్కన కాడి వేసి, వెనక ఒక మొద్దు కట్టి, ఒక పంటకాలమంతా పొలంలో తిప్పించేవాడు. తరువాత ఖాళీ బండి, ఆ తరువాత ఎరువు బండి. మనుషులెక్కే బండికి ఆ కోడెను కట్టేనాటికి ఏడాది తిరిగేది.

అటువంటి ఇంట్లోనే మా మరిది పదకొండు రోజుల్లో బస్సు డ్రైవరు అయ్యాడు.

లైసెన్సు ఇచ్చే ముందు బండి తోలడం తప్పనిసరిగా నేర్పించాలా అక్కర్లేదా అని ఈమధ్య మా ఇంట్లో పిల్లలు వాదించుకుంటున్నారు. అదంతా డబ్బు గుంజే పని, పరీక్షలో నెగ్గితే చాలు కదా అని ఒకరు. రోడ్డు మీద పడితే అదే వస్తుందని ఇంకొకరు. నన్నెవరూ అడగలేదు. జన్మలో స్టీరింగు పట్టుకోని ముసలిదానికి ఏం తెలుసులే అనుకుని ఉంటారు. పట్టుకోలేదు, నిజమే. పట్టుకున్నవాడి పక్కన ఎనిమిది నెలల బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అందుకని నేను చెప్పవలసింది రాసి పెడుతున్నాను. చదివితే చదువుతారు.

అవి యుద్ధం రోజులు. చిత్తూరు నుంచి పలమనేరు పోయే రోడ్డు మీద, మొగిలి ఘాటుకు ఇవతల మా ఊరు. పెట్రోలు కూపన్లకు తప్ప దొరికేది కాదు. అందువల్ల బస్సులన్నీ బొగ్గు మీద నడిచేవి. బస్సు వెనక నిలువెత్తు ఇనుప డ్రమ్ము ఒకటి తగిలించి, దాంట్లో బొగ్గు నింపి రాజేసేవారు. కండక్టరు అరగంట సేపు పిడి పట్టుకుని గాలి తిప్పితే, ఆ పొగతో ఇంజను దగ్గి దగ్గి లేచేది. చదును మీద ఎద్దుల బండికంటే కొంచెం ముందు పోయేది. ఘాటు ఎక్కేటప్పుడు మాత్రం మగవాళ్లందరూ దిగి పక్కన నడవాలి. టిక్కెట్టు కొనుక్కుని మరీ నడిచేవారు.

మా ఊరి మీదుగా పోయే బస్సు యజమాని మా మామకు దూరపు చుట్టం. రాత్రిపూట ఆ బస్సు మా కళ్లం పక్కనే నిలిచేది. మా బావి నీళ్లు దానికి, మా చేను గట్ల మీద తుమ్మచెట్లు కొట్టి కాల్చిన బొగ్గు దానికి. ఆ బస్సు డ్రైవరు ఉన్నట్టుండి మిలటరీకి పేరు ఇచ్చేశాడు. ఆ రోజుల్లో స్టీరింగు పట్టడం తెలిసిన వాడు ఎవడు కనబడినా మిలటరీ వాళ్లు వదిలేవారు కాదు. ఇక డ్రైవరు ఉండడు, బొగ్గు మాత్రం ఉంది. బొగ్గు మాది కాబట్టి డ్రైవరు కూడా మావాడే కావాలని మా మామ అడిగాడు. యజమాని సరేనన్నాడు. మా మరిదిని ఆ పనికి ఎందుకు తీసుకున్నారని ఎవరైనా అడిగితే తుమ్మబొగ్గు అని చెప్పాలి.

అప్పటికి మా మరిదికి ఇరవై రెండేళ్లు. మంచివాడు. ఎస్సెల్సీ రెండుసార్లు తప్పి, ఇంట్లో తండ్రి కంటబడకుండా తిరిగేవాడు. డ్రైవరంటే ఖాకీ బట్టలు, తోలు చెప్పులు, ఊరూరా కాఫీ అనుకుని సంతోషంగా ఒప్పుకున్నాడు.

పాత డ్రైవరు పోయేలోపల పదకొండు రోజులు వాడికి తోలడం నేర్పించాడు. చెనక్కాయలు పెరికేసిన మా బీడు చేలో, పొద్దున్నే బస్సు రోడ్డెక్కే ముందు ఒక గంట. నేను పాలు పిండుతూ చూసేదాన్ని. బస్సు చేను చుట్టూ గుండ్రంగా తిరిగేది, గానుగ తిరిగినట్టు. మా మామ గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడేవాడు. మొదటి రోజే ఆ డ్రైవరు గేర్లన్నీ చూపించబోయాడు.

"ఇది ఒకటి, ఇది రెండు, ఇది మూడు. ఇంకొకటుండాది, ఇట్లా పైకెత్తి లాగితే ఎనక్కి పోతాది."

"అది వద్దులే అప్పా," అన్నాడు మా మామ గట్టు మీది నుంచి. "పని మొదలుపెట్టినాక ఎనక్కి పోగూడదు. ముందుకు పొయ్యేది చూపించు సాలు."

"ఎనక్కి రాకుంటే యాడన్నా ఇరుక్కుంటాడు పెద్దాయనా."

"ఇరుక్కున్నప్పుడు సూసుకుందాం. మొదటి ట్రిప్పు సక్కంగా కానీ. ఆ తర్వాత ఎనక్కి పోతాడో పక్కకి పోతాడో వాడిష్టం."

ఇది మా మామ ఒక్కడి పట్టింపు కాదు. మా వైపు కొత్త నాగలి కట్టినా, కొత్త బండి తోలినా, మొదటి రోజు దాన్ని వెనక్కి నెట్టరు. ఇంటి నుంచి బయలుదేరినవాడు మరిచిపోయిన సంచి కోసం కూడా వెనక్కి రాడు, ఎవరో పరుగెత్తి అందించాలి. నాగలికి అది సరిపోతుంది. బస్సుకు సరిపోతుందా అని గట్టు మీద నిలబడ్డ వాళ్లలో ఒక్కరూ ఆలోచించలేదు. చేను వెడల్పుగా ఉంది, గుండ్రంగా తిరిగితే మొదలుపెట్టిన చోటికే వచ్చేవాడు. వెనక్కి పోవలసిన అవసరమే రాలేదు. అలా పదకొండు రోజులు తిరిగి, డ్రైవింగు వచ్చేసిందన్నారు.

లైసెన్సు పరీక్ష పెట్టేది బ్రేకు ఇన్‌స్పెక్టరు. ఆయన నెలకొకసారి క్యాంపు వచ్చి, సర్కారు బంగళా ముందు బండ్లు, డ్రైవర్లు అన్నీ ఒక్కపూటలో చూసి పోయేవాడు. ఆ నెల ఆయన వచ్చింది శుక్రవారం. శుక్రవారం పదిన్నరకు రాహుకాలం పడుతుంది. మా మామ, మా ఆయన, మరిది తెల్లవారుజామునే బస్సు తీసుకుని పోయారు. ఇన్‌స్పెక్టరు దొరగారు కాఫీ తాగి బయటికి వచ్చేసరికి పదీ పది. పరీక్ష ఎలా జరిగిందో మా ఆయన ఆ రాత్రి అన్నం తింటూ చెప్పాడు. చెబుతూ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మరిది బస్సును చింతచెట్టు దాకా తీసుకుపోయి, చుట్టూ తిప్పి తెచ్చి, సున్నంతో గీసిన గీత దగ్గర ఆపాడట. గీతకు జానెడు ఇవతల. ఇన్‌స్పెక్టరు తల ఊపి, "ఇప్పుడు వెనక్కి పోనియ్యి," అన్నాడట. అంతే, మా మామ పోయి బస్సు వెనక చేతులు జోడించుకుని నిలబడ్డాడు.

"అయ్యా, మొదుటి రోజు. ఎనక్కి మాత్రం వద్దు. ఇంకొక అయిదు నిమిషాల్లో రాహుకాలం. మీరు సంతకం పెడితే మేం పోతాం."

"వెనక్కి తోలడం వచ్చా మీ అబ్బాయికి?"

"అంతా వచ్చునయ్యా. అవసరమైతే పోతాడు, యాడికి పోతాడు."

ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడట. ఆయనకు కూడా రాహుకాలం మీద గౌరవం ఉన్నట్టుంది. ఎండ కూడా ఉంది. సంతకం పెట్టేశాడు.

ఆ లైసెన్సు చిన్న పుస్తకం. మా మామ దాన్ని దేవుడి పటాల ముందు పెట్టి, పసుపు కుంకుమ పెట్టి, హారతి ఇప్పించాడు. అందరూ ఒకరి తరువాత ఒకరు కళ్లకద్దుకున్నారు. మూడో తరగతి దాకా చదివినదాన్ని కదా, అందులో తెలుగు ముక్క ఏదైనా ఉందేమోనని తిప్పి చూశాను. అంతా ఇంగ్లీషే. పసుపు మరక పడిన చోట మా మరిది ఫోటో, కళ్లు పెద్దవి చేసుకుని, ఎవరో వెనక నుంచి తరుముకొస్తున్నట్టు.

హారతి అయ్యాక మా మామ నా వైపు తిరిగాడు.

"సోమవారం మొదుటి ట్రిప్పు. నువ్వు బిడ్డను ఒళ్లో పెట్టుకోని ముందు సీట్లో కూసోవల్ల. ముత్తైదువ, ఒళ్లో పసిబిడ్డ. అంతకంటే మంచి శకునం ఉండదు. పలమనేరు దాకా పోయి, అదే బస్సులో వచ్చేద్దువు."

నాకు మొదటి కాన్పులో పుట్టిన మగబిడ్డ పదహారో రోజున పోయాడు. ఆ తరువాత మూడేళ్లకు పుట్టింది ఈ బిడ్డ. ఎనిమిది నెలలు. దాన్ని నేను వాకిట్లో ఎండలోకి తీసుకుపోవాలన్నా నాలుగుసార్లు ఆలోచించేదాన్ని. దాన్ని ఇప్పుడు చేను చుట్టూ తిరగడం తప్ప ఏమీ తెలియని వాడి చేతిలో పెట్టి ఘాటెక్కించాలి, శకునం కోసం.

నాలో ఇంకొక పురుగు కూడా తొలుస్తోంది. మా పుట్టిల్లు తిరుపతి. మా నాయనకు స్టేషను దగ్గర నాలుగు జట్కాలు ఉండేవి. రైలు దిగే కొండ యాత్రికుల కోసం జట్కాలన్నీ వరుసగా నిలబడాలి. ఆ వరుసలోకి జట్కాను వెనక్కి నడిపించి దూర్చాలి, అటుపక్క ఇటుపక్క జట్కాల చక్రాలు తగలకుండా. కొత్తగా ఎవడైనా పనికి వస్తే మా నాయన మొదట చూసేది అదే. ముందుకు గుర్రం తనంతట తానే పోతుంది, తోలేవాడు కావలసింది వెనక్కి పోవడానికే అనేవాడు. వెనక్కి నడిపించడం రానివాడికి పగ్గాలు ఇచ్చేవాడు కాదు, గడ్డి కోసే పని ఇచ్చేవాడు.

మరునాడు మా మరిది సద్ది తాగుతుంటే అడిగాను.

"ఏం అబ్బీ, బస్సు ఎనక్కి తోలేది వచ్చునా నీకు?"

"ముందుకు సక్కంగా పోతాండాది కదా వదినా."

"నేనడిగింది అది కాదు."

గ్లాసు కింద పెట్టాడు. "ఆ గేరు యాడుండాదో తెలుసు. ఎత్తి లాగల్లంట. నేను లాగలేదు."

"ఇంకా రెండు రోజులుండాది. లాగి సూడు."

"నాయన సంపేస్తాడు."

నేనే మా మామ దగ్గరికి పోయాను. కోడళ్లు మామల ఎదురుగా నిలబడి మాట్లాడే రోజులు కావు. స్తంభం చాటు నుంచి అడిగాను, మరిదికి వెనక్కి తోలడం కూడా నేర్పించి పంపితే బాగుంటుంది కదా, ఘాటు రోడ్డు సన్నం కదా అని. మా మామ తమలపాకు ఈనె తీస్తూనే సమాధానం చెప్పాడు.

"గవుర్మెంటోడే వాడికి వచ్చునని సంతకం పెట్టినాక నీకెందుకమ్మా అనుమానం. గుర్రాలను ఎనక్కి నడిపించే తెలివి మీ పుట్టింట్లో పెట్టిరా. మనది ముందుకు పొయ్యే ఇల్లు."

మా ఆయన పక్కనే ఉన్నాడు. తండ్రి ముందు ఆయన నోట్లో ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉండేవాడు, మాట్లాడవలసిన అవసరం రాకుండా. ఆ రోజు చెనక్కాయలు.

సోమవారం తెల్లవారి బస్సుకు మామిడాకులు కట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. కండక్టరు డ్రమ్ము రాజేశాడు. నేను పట్టుచీర కట్టుకుని, బిడ్డను రెండు దుప్పట్లలో చుట్టుకుని, ముందు సీట్లో కూర్చున్నాను. నా వెనక మా మామ. మా ఆయన ఇంకా పదిహేనుమంది మగవాళ్లతో వెనక. మా మరిది కొత్త ఖాకీ చొక్కా చేతులు అప్పటికే చెమటకు నల్లబడ్డాయి.

చదును రోడ్డు మీద బాగానే తోలాడని చెప్పాలి. మొగిలి దాటి ఘాటు మొదలయ్యాక మా మామ తప్ప మగవాళ్లందరూ దిగారు. నేను కూడా లేవబోతే మా మామ ఒప్పుకోలేదు.

"శకునం దిగగూడదు. నువ్వు కూసో."

బస్సు కొండ మీద ముసలావిడలాగా ఒక అడుగు వేసి, ఊపిరి పీల్చుకుని, ఇంకొక అడుగు వేస్తోంది. ఎడమ వైపు కొండ, కుడి వైపు లోయ, మధ్యన ఒకటిన్నర బస్సు పట్టే రోడ్డు. రెండో మలుపు దగ్గర పైనుంచి మూడు మిలటరీ లారీలు దిగి వచ్చాయి. మొదటి లారీ మా బస్సు ముక్కుకు నాలుగు గజాల దూరంలో నిలిచింది. అందులోని సర్దార్జీ సిపాయి చెయ్యి బయట పెట్టి, వెనక్కి పొమ్మని ఊపాడు. మాకు ముప్ఫై గజాల కింద రోడ్డు కొంచెం వెడల్పుగా ఉంది. అక్కడికి పోతే లారీలు దాటిపోతాయి. వాళ్లు మూడు లారీలు పైకి వెనక్కి నడపలేరు. అది చూస్తే నాకే అర్థమయింది.

మా మరిది గేరు కడ్డీ పట్టుకున్నాడు. ఎత్తాడో, లాగాడో, బస్సు ఒక్కసారి ముందుకు ఎగిరి లారీకి బారెడు దూరంలో ఆగింది. మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ ముందుకే, ఈసారి మధ్యన బెత్తెడు మిగిలింది. సర్దార్జీ తలుపు తీసి ఏదో అన్నాడు. ఏ భాషలో అన్నా దాని అర్థం ఒకటే.

మా మామ బస్సు దిగి, లారీ దగ్గరికి పోయి చేతులు జోడించాడు.

"అయ్యా, ఈ పొద్దు మాది మొదుటి ట్రిప్పు. ఎనక్కి పోగూడదు. మీకైతే ఇబ్బంది లేదు కదా, మీరే కొంచెం ఎనక్కి పోండి."

సర్దార్జీకి తెలుగు రాదు. మా మామకు తెలుగు తప్ప రాదు. చివరికి మా మామ పంచె మడత లోంచి లైసెన్సు తీసి, పసుపు కుంకుమలతో సహా ఆయన చేతిలో పెట్టాడు. సర్దార్జీ దాన్ని తెరిచి ఫోటో చూశాడు, బస్సులో మా మరిది మొహం చూశాడు, పుస్తకం మూసి చాలా మర్యాదగా తిరిగి ఇచ్చాడు. మళ్లీ చెయ్యి వెనక్కి ఊపాడు.

నేను బిడ్డను తీసుకుని దిగాను.

"ఎందుకు దిగుతావు? దిగద్దంటి కదా," అన్నాడు మా మామ.

"ఎనక్కి పొయ్యే బండికి శకునం ఎందుకు మామా. ముందుకు పొయ్యేటప్పుడు పిలవండి."

మా మామకు నేను ఎదురు చెప్పడం అదే మొదలు. అక్కడ అంత మంది మగవాళ్లు లేకపోతే ఏమనేవాడో. నేను కొండ వైపు ఒక బండ మీద, బస్సుకు ఎగువన కూర్చున్నాను. కింద పడేది ఏదైనా ఉంటే కిందికే పడుతుంది కదా అని.

కండక్టరు ఒక ఉపాయం చెప్పాడు. ఇంజనుతో పని లేదు, గేరు తీసేసి బ్రేకు కొంచెం కొంచెం వదిలితే బస్సు తనంతట తానే వెనక్కి జారుతుంది, మేం నలుగురం చక్రాల వెనక రాళ్లు పెడుతూ వస్తాం అని. బస్సు గానీ ఇంజను గానీ వెనక్కి పోయినట్టు కాదు కాబట్టి మా మామ కూడా ఒప్పుకున్నాడు. జారడం వేరు, పోవడం వేరు అనుకున్నాడేమో. మా ఆయన ఒక రాయి తీసుకుని ఎడమ చక్రం వెనక నిలబడ్డాడు.

పది గజాలు బాగానే జారింది. మలుపు దగ్గర బస్సు తోకను కొండ వైపుకు తిప్పాలి. మా మరిది తల వెనక్కి తిప్పి చూశాడు, స్టీరింగును మాత్రం ముందుకు పోయేటప్పుడు తిప్పినట్టే తిప్పాడు. వెనక్కి పోయేటప్పుడు ఎటు తిప్పితే తోక ఎటు పోతుందో వాడి చేతులకు తెలియదు. ఎప్పుడూ పోలేదు కదా. తోక లోయ వైపు పోయింది. డ్రమ్ము అంచు లోయ పక్కన కట్టిన పిట్టగోడకు గుద్దుకుని, గోడ రాళ్లు నాలుగు లోయలోకి పోయాయి. డ్రమ్ము మూత ఊడి, ఎర్రటి బొగ్గులు రోడ్డు మీద ఒలికిపోయాయి. వెనక ఉన్నవాళ్లు రాళ్లు వదిలేసి దూకారు. మా ఆయన రాయి పెట్టేదాకా నిలబడి ఆ తరువాత దూకాడు, అందుకని బస్సు ఆగింది, ఆయన అరచేయి కాలింది. కుడి వెనక చక్రం సగం గాలిలో ఉంది.

ముందు సీటు నాకు కనబడుతూ ఉంది. బిడ్డ దుప్పటి ఒకటి దిగేటప్పుడు నా చేతిలోంచి జారి ఆ సీటు మీదే ఉండిపోయింది. దాన్నే చూస్తూ కూర్చున్నాను.

సిపాయిలు తాడు కట్టి బస్సును రోడ్డు మీదికి లాగారు. సర్దార్జీ మా మరిదిని పక్కకు జరగమని తాను కూర్చున్నాడు. ఒక చెయ్యి తలుపు మీద, తల బయట పెట్టి, గేరు తీసినట్టే ఉంచి, బ్రేకు మీద బస్సును ఆ వెడల్పు చోటికి వెనక్కి జార్చి నిలబెట్టాడు. మా అత్త పెనం మీది రొట్టెను తిప్పినంత సేపు పట్టింది. దిగుతూ మా మరిది భుజం తట్టాడు. మా మామ వైపు మాత్రం చూడలేదు.

నేను బిడ్డను చంకనేసుకుని కిందికి నడవడం మొదలుపెట్టాను. మా ఆయన చేతికి తడిగుడ్డ చుట్టుకుని నా వెనక వచ్చాడు. ఆ రోజు మా ఇంటి నుంచి బయలుదేరిన వాళ్లలో సరిగా వెనక్కి వచ్చినవాళ్లం మేమిద్దరమే.

తప్పు ఎవరిదని తేల్చారనుకుంటున్నారు? నాది. శకునం మధ్యలో దిగిపోయింది కాబట్టి బండి నిలవలేదని మా మామ ఊరంతా చెప్పాడు. చాలామంది నిజమే అన్నారు. లైసెన్సు ఇచ్చిన ఇన్‌స్పెక్టరును ఎవరూ తప్పు పట్టలేదు, ఆయన సంతకం చాలా బాగుంది. ఇంకో లారీకి కట్టి పైకి లాగించిన బస్సు, డ్రమ్ము వంకర తీయడానికి ఏడు రోజులు పలమనేరులో ఉండిపోయింది. ఎనిమిదో రోజు కండక్టరు, మెకానిక్కు కలిసి దాన్ని మా కళ్లానికి తెచ్చి వదిలిపోయారు. ఆ సాయంత్రం మా మామ మళ్లీ అన్నాడు.

"గురువారం మంచిరోజు. ఇంకోసారి మొదుటి ట్రిప్పు అనుకుందాం. ఈసారి మాత్రం దిగేది లేదు."

నేను స్తంభం చాటుకు పోలేదు. ఎదురుగా నిలబడ్డాను.

"వాడు బస్సును ఎనక్కి తోలి చూపించినాక కూసుంటా మామా. అంతవరకూ నేనూ ఎక్కను, నా బిడ్డా ఎక్కదు."

మా మామ నోరు తెరిచేలోపల లోపలి నుంచి మా అత్త వచ్చింది. సంగటి కట్టె ఇంకా చేతిలోనే ఉంది.

"ముందుకు పోయి ఎనక్కి రానిది పాడె ఒకటే. దాంట్లో కూసోబెడతావా నా మనవరాలిని?" అంది. "దీనికి ఎసరు పెట్టేది నేర్పేదానికే నాకు ఎనిమిది నెలలు పట్టింది. నీ కొడుక్కి నాలుగు రోజులు నేర్పితే నీ సొమ్మేం పోయింది?"

మా మామ ఆమె మాటకు ఎదురు చెప్పడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజూ చూడలేదు. అలాగని ఒప్పుకున్నట్టు కూడా చెప్పలేదు. మరునాడు పొద్దున కుర్చీ ఒకటి తెచ్చుకుని, కళ్లానికి వీపు పెట్టి, గడ్డివామి వైపు మొహం తిప్పి కూర్చున్నాడు. చూడకపోతే జరిగినట్టు కాదు.

మా మరిది ముందు రోజు రాత్రే నా దగ్గరికి వచ్చాడు.

"వదినా, ఆ రివర్సు గేరు యాడుండాదో పలమనేరులో మెకానిక్కు సూపించినాడు. పడతాండాది. కానీ ఎటు తిప్పేదో తెలియలేదు. ఘాట్లో ఆ చక్రం యాలాడేది కండ్ల ముందర నుంచి పోలేదు."

"నేర్చుకుందువులే. తిను."

ఇంట్లో పగుళ్లిచ్చిన కుండలు, మూతి విరిగిన కడవలు గోడ వారగా ఉండేవి, నేను ఏదీ పారవేసేదాన్ని కాదు. వాటిని కళ్లంలో రెండు వరుసలుగా పెట్టించాను, మధ్యన బస్సు పట్టి అటూ ఇటూ మూరెడు ఎడం ఉండేటట్టు. మంచి కుండ ఒక్కటి కూడా ఇవ్వలేదు. మా ఆయన ఒక చేతికి కట్టుతో వరుస చివర నిలబడి, రెండో చేత్తో సైగ చేశాడు. ఆ వారం రోజులూ ఆయన నోట్లో ఏమీ నమలలేదు.

మొదటి రోజు ఏడు కుండలు పోయాయి. ఒక్కొక్కటి పగిలినప్పుడల్లా గడ్డివామి వైపు నుంచి లెక్క వినబడేది.

"నాలుగు," అనేవాడు మా మామ. కొంచెం సేపటికి, "అయిదు."

రెండో రోజు మా మరిది బస్సు దిగి, కుండల మధ్య తాను వెనక్కి నడిచి చూసుకున్నాడు, భుజాలు ఎటు తిరిగితే కాళ్లు ఎటు పోతున్నాయోనని. ఊళ్లోవాళ్లు గట్టు మీద కూర్చుని నవ్వారు. వాడు పట్టించుకోలేదు. ఆ రోజు మూడు పగిలాయి. మూడో రోజు ఒకటి. నాలుగో రోజు ఏదీ పగలలేదు. "ఇప్పుడన్నా సాలా," అన్నట్టు వాడు నా వైపు చూశాడు. "ఇంకొకసారి," అన్నాను. ఆ ఒకసారిని మూడుసార్లు చేయించాను. తరువాత వరుసల్ని వంకరగా పెట్టించాను, ఘాటు మలుపులాగా. దానికి ఇంకో రెండు రోజులు, ఇంకో రెండు కుండలు. గురువారం దాటిపోయింది. ఎవరూ మంచిరోజు మాట ఎత్తలేదు.

వంకర వరుసలో కూడా కుండలు నిలిచిన రోజు సాయంత్రం నేను బిడ్డను ఎత్తుకుని వచ్చి ముందు సీట్లో కూర్చున్నాను. కండక్టరు గాలి తిప్పాడు. మా మరిది నన్ను ఒకసారి చూసి, తల బయటకు పెట్టి, గేరు లాగాడు. బస్సు వెనక్కి కదిలింది. కుండలు ఒకటొకటిగా కిటికీ పక్క నుంచి ముందుకు జరిగిపోయాయి, మూతులు విరిగినవి, బీటలు వారినవి, అన్నీ నిలబడే ఉన్నాయి. కళ్లం దాటి రోడ్డెక్కి, వాడు బ్రేకు వేశాడు.

గడ్డివామి వైపు నుంచి మా మామ అడిగాడు. "ఎన్ని?"

"ఒకటీ లేదు మామా."

ఆయన కుర్చీ ఇటు తిప్పుకున్నాడు. కుండల్ని చూశాడు, రోడ్డు మీద బస్సును చూశాడు, నా ఒళ్లో బిడ్డను చూశాడు.

"సూస్తిరా," అన్నాడు గట్టు మీద వాళ్లతో. "ముత్తైదువ ఒళ్లో బిడ్డను పెట్టుకోని కూసుంటే ఎంత సక్కంగా పోయిందో. ఆ పొద్దే దిగకుండా ఉండింటే డ్రమ్ము వంగేదే కాదు."

మరునాడు అదే సీట్లో పలమనేరుకు పోయాను. ఘాట్లో రెండుసార్లు ఎదురుగా లారీలు వచ్చాయి, రెండుసార్లూ మా మరిది బస్సును వెనక్కి తీశాడు. బిడ్డ నిద్ర లేవలేదు.